చలి పడేదాకా కొయ్యని కొమ్మ

రెండు వేల ఎనిమిది ప్రాంతంలో అరబ్బు దేశంలోని సమాయిల్‌లో ఒక కంపెనీ తరఫున తోటపని చేసేవాణ్ణి. అక్కడ ఒక ఇంటి వాకిట్లో పెద్ద రేగుచెట్టు. గాలివానకు లావుపాటి కొమ్మ ఒకటి చీలి, ఆ ఇంటి ముసలామె పడుకునే గది మీదికి వేలాడింది. ఆమె కొడుకు, మేం అర్బాబ్ అని పిలిచే ఇంటి యజమాని, "చెట్టంతా గొరిగెయ్" అన్నాడు. ఎండలు మండుతున్న నెల. గుండు చేస్తే మనిషికే మాడుతుంది, చెట్టుకు మాడదా? నీడ పోతే బెరడు పగిలి పురుగు దూరుతుంది. చీలిన కొమ్మ ఒక్కటే ఇప్పుడు, మిగతావి చలి పడ్డాక అని వచ్చీరాని అరబ్బీలో, అదీ రాని చోట చేతులతో చెప్పాను. సరేనన్నాడు.

కొమ్మకు తాడు కట్టాను. ముందు అడుగు నుంచి కొంచెం కోత. తర్వాత ఇంకాస్త అవతల, పైనుంచి. తిరగేసి కోస్తే విరిగే కొమ్మ మాను బెరడంతా ఒలుచుకుపోతుంది. చివర్న మొండిని తీసేటప్పుడు, మాను దగ్గరి ఉబ్బు తెగకూడదు. గాయాన్ని మూసేది అదే.

కిందికి చూస్తే, ఆ ఇంట్లో పనిచేసే కడప అక్క దుప్పటి పరుచుకుని కూర్చుంది.

"అక్కా, జరుగు! కొమ్మ మీద పడితే నీ మొగనికి నేనేం జెప్పాలె?"

"చెప్పేదేముండాది, పండగ చేసుకుంటాడు. ఆకు నలగకుండా దించు అబ్బీ."

"ఎందుకు, పప్పుల ఏస్తవా?"

ఆమె నవ్వలేదు. ముసలామె ఆకు ఆరబెట్టి తనకోసం దాచమందట. పోయినవాళ్ళకు ఇక్కడ చేయించే చివరి స్నానం నీళ్ళలో రేగాకు కలుపుతారు.

"ఆయమ్మ పోతే ఈడ నాకేం పని? ఇంగో ఇంటికి పంపుతారు. ఆడ నా గదికి లోపల గడియ ఉంటాదో లేదో. ఇంతకు ముందు పని చేసిన ఇంట్లో లేదు."

ఆమెను అవతలికి పంపి, కొమ్మను తాడు మీద మెల్లగా దించాను.

సాయంత్రం దొడ్లోకి వెళ్తే మేకలు ఆ ఆకునే నములుతున్నాయి. అక్క పక్కనే నిలబడి మేపుతోంది.

ఆ వారంలోనే నీళ్ళ పైపు బాగుచేయడానికి మళ్ళీ వెళ్ళాను. ముసలామె కిటికీలోంచి ఆకు సంగతి అడుగుతోంది. ఎండకు మాడిపోయిందని అక్క చెప్పింది. అయితే ఇంకో కొమ్మ కొయ్యమని ముసలామె నావైపు తిరిగింది. అక్క కూడా నావైపే చూసింది.

ఇంటి పెద్దావిడను అక్కడ పిలిచినట్టే, "మామా, ఇప్పుడు కోస్తే చెట్టుకు మంచిది కాదు. చలి పడాలి" అన్నాను. అబద్ధం కాదు. కానీ దోసెడు ఆకు కోస్తే చెట్టేమీ చావదు.

"అప్పటిదాకా నేనుండాలిగా" అంది ముసలామె.

"ఉండాలి" అన్నాను.

చలి పడేసరికి కంపెనీ నన్ను అల్ ఖౌద్ అనే ఇంకో ఊరి పనికి మార్చింది. ఒకరోజు అక్క ఫోన్ చేసింది.

"అబ్బీ, గాలి చల్లబడింది, నువ్వెప్పుడొస్తావని ఆయమ్మ రోజూ అడుగుతాంది."

"ఏం జెప్పినవ్?"

"నీ రంపం పోయిందని చెప్పినా. కొత్తది కొనిస్తానంటాంది."

రంపం నా ఒళ్ళోనే ఉంది. పళ్ళకు నూనె రాస్తున్నాను.

"మంచి రంపం అంత జల్ది దొరకదని చెప్పక్కా" అన్నాను.