తానం చేసినంకనే

నా చిన్నప్పుడు ఇంటిల్లిపాదికీ ఒకటే సబ్బు. బట్టలకూ అదే, మిగిలితే మనుషులకూ అదే. ఇప్పుడు మా స్నానాల గదిలో ఆరు సీసాలున్నాయి. ఒకదాంట్లో బొప్పాయి ఉందట, ఇంకోదాంట్లో పెరుగు. కడుక్కోవడానికి వెళ్లిన మనిషి ఆకలితో బయటికొస్తాడు.

సబ్బు మీద నాకింత పట్టింపు ఊరికే రాలేదు. మా అవ్వను ముట్టుకోవాలంటే ఒకప్పుడు నాకు ఆ సబ్బే దారి. అమ్మను మా వైపు అవ్వ అంటాం.

మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. కామునిపున్నం, అంటే హోళీ పున్నమి, దగ్గరపడుతుంటే నా మెడ మీద, మోచేతి మడతల్లో ఎర్రగా దద్దుర్లు లేచేవి. గోకితే నీరు కారేది. వాడకట్టంతా వచ్చి చూసి, పోచమ్మ పోసిందని, అంటే అమ్మవారు సోకిందని, తేల్చింది. పోచమ్మ పోస్తే స్నానం ఉండదు. వేపాకు పరిచి పడుకోబెట్టారు. మామూలుగా కొన్నాళ్లకు వెళ్లిపోయే పోచమ్మకు మా ఇల్లు నచ్చినట్టుంది, కదల్లేదు.

అవ్వ అప్పట్లో నువ్వుచేన్లలో కలుపు కూలికి పోయేది. కలుపంటే ఎక్కువగా వయ్యారిభామే, చిన్న చిన్న తెల్లపూల మొక్క. రోజంతా దాన్ని చేత్తో పీకి, ఒంటినిండా దాని పుప్పొడితో ఇల్లు చేరి, ఏడుస్తున్న నన్ను ఒళ్లో వేసుకుని అదే కొంగుతో మెడ తుడిచేది. అంతకన్నా ప్రేమగా ఎవరూ చూసుకోలేరు. అంతకన్నా తప్పుగా కూడా.

కనిపెట్టింది మా బాపమ్మ, నాన్నను కన్న తల్లి. వారానికోసారి ఊళ్లో అంగడి జరిగే రోజు అవ్వ కూలికి పోదు. ఆ రాత్రి నేను గోక్కోకుండా నిద్రపోతాను. కొన్ని అంగళ్లు గమనించి, ఒక పొద్దున అవ్వతో అంది:

"పోచమ్మను ఊకె బద్నాం జేస్తున్నం పిల్లా. గీ దురద నీ చీర మీదనే ఇంట్లకొస్తుంది."

ఆ సాయంత్రం నుంచి అవ్వ చేనుకు కట్టిన చీర గోడ బయటే ఆరేది. పెరట్లో నీళ్ల గోళెం దగ్గర సబ్బుతో స్నానం చేసి, వేరే చీర కట్టాకే నన్ను ఎత్తుకునేది. నాకూ రోజూ చన్నీళ్ల స్నానం, కొబ్బరినూనె, కత్తిరించిన గోళ్లు.

ఒకరోజు ఆగలేక, స్నానం కాకముందే ఉరికి అవ్వ కాళ్లను చుట్టేసుకున్నాను. అవ్వ రెండు చేతులూ పైకెత్తి నిలబడిపోయింది, పోలీసులకు దొరికిన దొంగలా.

"ఇడువు బిడ్డా, జర ఇడువు. తానం జేసి వస్త."

ఒక్క వేలు కూడా నాకు తగలనివ్వలేదు. తలెత్తి చూస్తే ఆ అరచేతులు కనబడ్డాయి. నల్లబడి, పగిలి, నా మెడకన్నా అధ్వాన్నంగా ఉన్నాయి. బాపమ్మ కూడా అప్పుడే చూసింది.

"నీకు సుత లేసినయానే?"

"నాకేం గాలే అత్తా. పనిజేసే చేతులు గట్లనే ఉంటయ్."

నన్ను అవ్వకు దూరంగా ఉంచాలని అందరికీ తట్టింది. అవ్వను ఆ కలుపుకు దూరంగా ఉంచాలని ఎవరికీ తట్టలేదు. మరునాడు కూడా ఆమె చేనుకు పోయింది. నా దద్దుర్లు ఆ ఏడు చాలావరకు తగ్గాయి.

పెద్దయ్యాక కరీంనగర్‌లో చర్మం డాక్టరు కూడా అదే చెప్పాడు. బయటినుంచి రాగానే స్నానం చేయాలి, ఆ బట్టలు విడిగా పెట్టాలి, గోకకూడదు. పోచమ్మ పేరు మాత్రం ఎత్తలేదు, అలర్జీ అన్నాడు. ఎండాకాలం ముందు ఇప్పటికీ పొద్దున నడిచి వచ్చేసరికి మనవరాలు ఎత్తుకోమని ఎదురొస్తుంది. నా చేతులు వాటంతటవే పైకి లేస్తాయి. అది ఆటనుకుని తనూ ఎత్తుతుంది.

మొన్న కామునిపున్నానికి ముందు అవ్వ పోయింది. ఊరికి వెళ్లేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉంది. ఈసారి వద్దనేవాళ్లు లేరు కనుక ఆ అరచేతులు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. జనాన్ని చూసి బెదిరి ఏడుస్తున్న మనవరాలు నావైపు చేతులు చాచింది. ఎత్తుకోబోతుంటే మా చిన్నమ్మ అడ్డమొచ్చింది.

"పీనుగను ముట్టినవ్. తానం జేసినంకనే పిల్లను ముట్టు."