బాలమణికి చెప్పొద్దన్న సంగతి

మెహిదీపట్నంలో ఏడింటికి సంగారెడ్డి బస్సెక్కేటప్పటికే నేను మండిపోతున్నాను. హెపటైటిస్-బి టీకా వేసుకున్నవాళ్ల రక్తంలో దాని రక్షణ ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చే పరిశోధనలో నేను టెక్నీషియన్‌ని. ఏటా వెళ్లి రక్తం తేవాలి. నిరుటి ఫలితాలు పోయిన వారమే నా కంటపడ్డాయి. కొందరిలో రక్షణ బాగా పడిపోయింది. వాళ్లలో బాలమణి ఒకతె. సంగారెడ్డిలో ఒక నర్సింగ్‌హోమ్‌లో ఆయా, వాడిన సూదులు ఎత్తేది ఆమే. మరో డోసు వేద్దామంటే మా పెద్ద డాక్టరు ఒప్పుకోలేదు. వేస్తే ఆమె పరిశోధనకు పనికిరాదట. ఫలితం కూడా చెప్పొద్దన్నారు.

ఈ దారిన వెళ్లేవాళ్లు కిటికీ సీటు కోసం ఎగబడనక్కర్లేదు. పటాన్‌చెరు రాగానే ఫ్యాక్టరీల ఘాటుకు అందరూ కిటికీలు మూసేశారు. పక్కసీటాయన గుంటూరు నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా స్థిరపడ్డాడు. ఒళ్లో ఐసుపెట్టె ఏమిటని అడిగితే చెప్పాను. "మాకూ ఏటా రక్తం తీస్తారండీ. ఏం తేలిందో ఇంతవరకూ చెప్పలేదు" అన్నాడు.

ఎనిమిదిన్నరకు దిగి, బస్టాండు ఎదురుగా రెండు ఇడ్లీలు తిని, ఆటోలో నర్సింగ్‌హోమ్‌కు వెళ్లాను. బాలమణి వరండా బల్ల మీద కూర్చుంది కానీ చెయ్యి చాపలేదు. పోయిన నెల చెత్తసంచిలోంచి సూది బొటనవేలికి దిగిందట. టీకా వేసుకున్నావు కదా, భయం లేదని యజమాని డాక్టరు పంపేశాడట.

"ఏటేటా రక్తమిస్తున్న. అండ్ల ఏమున్నదో జెర నాకు గూడ చెప్పు బిడ్డా" అంది.

ఇక ఆగలేకపోయాను. "రక్షణ బాగా తగ్గిందక్కా. ఇంకో డోసు కావాలి."

"మీ పెద్దసారుకు ఎరుకేనా?"

ఎరుకేనన్నాను. ఆమె గొంతు పెంచకుండానే అడిగింది: "ఆయన బిడ్డ గీ సూదులెత్తుతుంటే గిట్లనే దాసిపెడుతుండెనా?"

ఇద్దరం యజమాని గదిలోకి వెళ్లాం. టీకా మందు స్టాకు లేదని, రేపు చూద్దామని ఆయన నసిగాడు. డోసు పడేదాకా చెత్త ముట్టనని బాలమణి గుమ్మంలోనే నిలబడిపోయింది. పదకొండు కాకముందే మెడికల్ షాపు నుంచి మందు వచ్చింది. ఆ సూదితో వైరస్ సోకిందో లేదో తేల్చడానికి డోసుకు ముందే రక్తం తీయాలని చెబితే చెయ్యి చాపింది. "గిది నా కోసం తీస్తున్నవ్" అంది. వైరస్ సోకలేదని తర్వాత తేలింది. ఆ కబురు నేనే వెళ్లి చెప్పాను.

మధ్యాహ్నం తిరుగు బస్సులో సీటు దొరికింది. మనిషి చెయ్యి చాపితే రక్తం తీసుకుని, ఆమెకు రావలసిన మాట దాచుకునే పనిని పరిశోధన అనుకుంటున్నామే అని ఒళ్లు మండిపోయింది. మా పరిశోధనలోనే ఉన్న, పటాన్‌చెరులో ఒక ల్యాబులో పనిచేసే మరొకామె రక్తంలోనూ రక్షణ అంతే తగ్గింది. ఆమెకూ ఎవరూ చెప్పలేదు.

పటాన్‌చెరులో లేచి నిలబడ్డాను. టికెట్ మెహిదీపట్నం దాకా ఉంది కదా అని కండక్టరు గుర్తుచేశాడు. ఇక్కడే దిగుతానన్నాను.