నాయన గజ్జెలు

మాది బోరబండ. చెక్క తాళాలు కొడుతూ గజ్జెకట్టి ఆడే చిరుతల రామాయణానికి మా నాయన గురువు. పోయినేడు ఫిలింనగర్ నుంచి ఒక డ్యాన్స్ మాస్టర్ నెలరోజులు మా ఇంటికొచ్చి, మా అన్నం తిని ఆట నేర్చుకున్నాడు. "మీ ఆటను తెరమీద చూస్తారు పెద్దయ్యా" అన్నాడు. నాయన మురిసిపోయి తన గజ్జెలే ఇచ్చేశాడు. చిన్నప్పుడు నేను అడిగితే "ఆడపిల్లకు ఎందుకే ఇవి" అని అటక మీద దాచిన గజ్జెలవి.

జూబ్లీహిల్స్‌లో షూటింగ్ అంటే ఇద్దరం వెళ్లాం. కట్టుకునే ముందు నాయన కళ్లకద్దుకునే ఆ గజ్జెల్ని తాగుబోతు వేషంలో ఉన్న కమెడియన్ బూట్ల మీద కట్టుకుని, పడుతూ లేస్తూ ఆడుతున్నాడు. అందరూ నవ్వుతున్నారు. వీళ్లెవరని నిర్మాత అడిగితే, మాస్టర్ మా వైపు చూడకుండా "షూటింగ్ చూద్దామని వచ్చారు సార్" అన్నాడు.

నాయన గజ్జెలు ఇచ్చెయ్యమన్నాడు. "సీన్ అయ్యేదాకా విప్పకూడదు, కంటిన్యుటీ పోతుంది" అన్నాడు మాస్టర్. సాయంత్రం గజ్జెలు చేతికొచ్చేదాకా గేటు దగ్గర నిలబడ్డాం.

ఇంటికొచ్చాక నాయన వాటిని కడిగి నా ముందు పెట్టి, "నువ్వు నేర్చుకుంటవా బిడ్డా" అన్నాడు. అప్పటికి నాకు నలభై మూడేళ్లు. మాస్టర్ మీద కోపం కొన్నాళ్లకు చల్లారింది. నాయన మీద కోపం ఆ మాటతోనే మొదలైంది.