ఉరుకుందమ్మ వెతికిన జతమాటలు

మా చిన్నప్పుడు పత్తికాయలు ఒలుస్తూ ఇంగ్లీషు మాటలకు జతలు వెతికేవాళ్లం... నేనూ, ఉరుకుందమ్మా. ఆస్పరి దగ్గర పల్లె మాది. వాళ్లింటి ముందు కాయల కుప్ప... కుప్పకు అటు ఆమె, ఇటు నేను. ఒక్కో కాయకు ఒక్కో అక్షరం. చేతిలో దూది ఊడి వచ్చేలోపు ఆ అక్షరంతో మొదలయ్యే జతమాట దొరకాలి. దొరక్కపోతే ఇంకో కాయ, ఇంకో అక్షరం...

అప్పుడు మేం ఏడో తరగతి. ఆదోని నుంచి బస్సులో వచ్చే ఇంగ్లీషు సార్ వారానికో క్రియ బోర్డు మీద రాసేవారు. దానికి ప్రాస కలిసే మాటలు మేం తేవాలి. పూర్తిగా కలిస్తే 'కవలలు', రెండు మార్కులు. కలిసీ కలవనట్టు ఉంటే 'దాయాదులు', ఒక మార్కు. ఆ పేర్లు ఆయన పెట్టినవే...

'కీప్' ఇచ్చిన వారం నేను స్లీప్, షీప్, డీప్ దగ్గరే ఆగిపోయాను. ఉరుకుందమ్మ స్వీప్, వీప్, క్రీప్, హీప్ దాకా పోయింది. అవి చాలవన్నట్టు మీట్, లీఫ్, వీక్ అని దాయాదులను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. పెద్ద తరగతుల వాళ్ల పాత పుస్తకాలు అడిగి తెచ్చుకుని చదివేది లెండి.

నాకు కడుపు మండేది... దాచడం ఎందుకు? మాకు కిరాణా అంగడి ఉంది, నాకు ట్యూషన్ ఉంది, కొత్త నోట్సులు ఉన్నాయి. ఆమెకు ఏమీ లేవు. అయినా ప్రతి వారం నాకంటే ఒక మాట ఎక్కువే తెచ్చేది.

ఆ ఏడాది ఆదోనిలో ప్రాసమాటల పోటీ పెట్టారు. బడికి ఒక్కరే. ఉరుకుందమ్మే పోవాలని సార్ అందరి ముందూ చెప్పేశారు. ఆమె రాలేని పక్షంలో షమీమ్... అంటే నేను.

మా వైపు సంగతి తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను... దీపావళి దాటితే మా ఊళ్లు సగం ఖాళీ. ఇక్కడ పనులుండవు. పిల్లాజెల్లాతో లారీ ఎక్కి గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్ని సుగ్గి అంటాం. పోయిన పిల్లల పేర్లు హాజరు పుస్తకంలో ఉంటాయి, పిల్లలు ఉండరు. అందుకే బడిలోనే ఆ నాలుగు నెలలకు ఒక హాస్టల్ నడిపేవారు. సార్ ఉరుకుందమ్మకు మాట ఇచ్చారు. లారీ ఏ రోజు వచ్చేదీ ముందుగా తెలిస్తే చాలు, తానే ఇంటికి వచ్చి వాళ్ల నాయనతో మాట్లాడి ఆమెను హాస్టల్లో పెట్టిస్తానన్నారు.

శుక్రవారం సాయంత్రం ఆమె మా అంగడి దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఆదివారం తెల్లారుజామున లారీ వస్తాదంట మే. రేపు నన్ను బడికి పంపరు, మూటలు కట్టాల. సార్‌కు నువ్వు సెప్పు. రేపే మా నాయన కాడికి రమ్మను."

సరేనన్నాను.

శనివారం హాజరు తీసుకుంటూ సార్ తలెత్తి, ఉరుకుందమ్మ ఏదని నన్నే అడిగారు.

"జ్వరం సార్" అన్నాను.

ముందే అనుకుని పోయిన అబద్ధం కాదది... కానీ సాయంత్రం ఆయన బస్సెక్కేదాకా నాకు బోలెడంత సమయం ఉంది. గేటు దగ్గర నిలబడి బస్సు కదిలేదాకా చూశాను. నోరు తెరవలేదు.

ఆదోనిలో నాకు రెండో బహుమతి వచ్చింది. చెప్పిన మాటల్లో సగం ఉరుకుందమ్మవే. అబ్బాజాన్ సంబరంగా మిరపకాయ బజ్జీలు కొనిపెట్టారు. తిన్నాను కూడా... లారీ పోయిన మర్నాడు, సోమవారమే, నా అబద్ధం సార్‌కు తెలిసిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు దెబ్బలు కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

ఉగాదికి ఆమె తిరిగొచ్చింది, మిరప ఘాటుకు వేళ్లన్నీ పగిలిపోయి. అప్పటికే సార్‌కు బదిలీ అయింది. ఆమె మళ్లీ బడి మెట్టెక్కలేదు.

ఇప్పుడు నేను ఎమ్మిగనూరులో ఇంగ్లీషు టీచరును. పోయిన నెల బస్టాండులో ఎవరో పిలిస్తే తిరిగి చూశాను... ఉరుకుందమ్మ. చంకలో మూట, పక్కన పదేళ్ల కూతురు, సుగ్గికే బయల్దేరారు. పాప ఐదో తరగతి అంట. వాళ్లమ్మ కళ్లే. పాపను హాస్టల్లో పెట్టొచ్చు కదా, సుగ్గికి ఎందుకు తీసుకుపోతున్నావని టీచరమ్మ లెక్కన అడిగాను.

ఆమె నవ్వింది.

"సార్లను నమ్మేది యాడిది మే. ఆ పొద్దు నువ్వు సెప్పనే సెప్పినావు, ఆయప్ప వచ్చినాడా? మూటల మీద కూసోని రాత్రి దాకా సూసినా. అందుకే దీన్ని ఎవురి మీదా ఆశ పెట్టుకోనియ్యను."

చెప్పలేదే, నేను చెప్పలేదే అని గొంతు దాకా వచ్చింది... అంతలో బస్సు వచ్చింది. "జాగ్రత్తగా పోయిరా" అన్నాను. అంతే అన్నాను. పాప కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది.

ఇప్పుడు మా క్లాసు పిల్లలు ఏ మాటకు ప్రాస కావాలన్నా ఫోన్‌లో కొడతారు. చిటికెలో వందొస్తాయి. ఎవరి దగ్గరా ఎవరూ కాజేయనక్కర్లేదు. లారీలు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి...

మీ బెంచీలో మీకంటే బాగా చదివి, మధ్యలో మాయమైపోయిన వాళ్లు ఎవరైనా ఉంటే కింద రాయండి. అందులో మీ చెయ్యి ఏమైనా ఉంటే, ఇక్కడ కాదు, పోయి వాళ్లకే చెప్పండి. నేను ఆ పని చేయలేక, ఉరుకుందమ్మ ఎప్పటికీ చూడని ఈ చోట రాస్తున్నాను.