దోమలు పట్టే ఫక్రుద్దీన్

గుర్వయ్య పటేలుతోని మాట్లాడి గెలిచినోన్ని మా ఊర్ల ఒక్కన్నే చూసిన. అదీ పటేలు ఇంటి ముంగటనే, వాడకట్టంత నిలబడి చూస్తుండంగ.

మొగులు పట్టిన దినాలు. ఫక్రుద్దీన్ ఒక చేతిల బకిట్టు, ఇంకో చేతిల పిచికారి గొట్టం పట్టుకోని వాకిట్ల నిలబడ్డడు. బకిట్ల దోమల మందు, సున్నం నీళ్ల లెక్క తెల్లగ ఉన్నది. పటేలు కడపకు అడ్డం కూసున్నడు.

"నా ఇంట్ల కొట్టద్దు. నిరుడు కొట్టినవు, పిల్లి సచ్చింది. నల్లులు రెండింతలైనయి. దోమల మందా, నల్లుల దాణానా అది?"

"పిల్లి ముసలిదైంది పటేలా. ఎలుక ఎదురొస్తే పక్కకు జరిగి తొవ్వ ఇస్తదని మీరే చెప్పుకుంట తిరిగిండ్రు గద."

"మాటలు బంద్ జెయ్. వద్దంటె వద్దు."

ఫక్రుద్దీన్ బకిట్టు కింద పెట్టిండు. "మంచిది. మీ ఇల్లు ఇడిచిపెడ్త. మిగిలిన ఇండ్లన్నిట్ల కొడ్త. అప్పుడు ఊరి దోమలన్ని యాడికి పోవాలె? ఇన్ని దినాలు మనుషులు పంచాయితీలు పట్టుకోని మీ ఇంటికొచ్చిండ్రు. ఇగ దోమలు గూడ వస్తయి. వాటికి సుత పటేలిల్లే ఆసరా గద!"

జనం నవ్విండ్రు. నవ్వితె నవ్విండ్రు గని, తలుపు సందు నుంచి పటేలు పెండ్లాం గూడ కిసుక్కుమన్నది. ఆ నవ్వుకే పటేలు ఓడిండు. "లోపలికి నడువు. నోరు మూసుకోని కొట్టు," అని లేచి జరిగిండు.

నేను మాత్రం నవ్వలే. నాలుక గంత సాఫుగ తిరిగేటోడు కనిపిస్తె ముందుగాల వాని చేతులేం చేస్తున్నయో చూస్త. నా అలవాటది.

ఈ ఫక్రుద్దీన్‌ది మా ఊరు కాదు. నల్లగొండ అవతల పానగల్లు. వాళ్ల బాపు ఎడ్లకు నాడలు కొట్టి బతికిండు. మా ఊరి దూదేకే సాయబు బిడ్డ తాహేరాను చేసుకోని ఇల్లరికం వచ్చిన కొత్తల ఈయన గూడ నాడలే కొట్టిండు. మాది డిండి వాగు ఒడ్డు. నీళ్లు నిలిచిన కాడల్ల దోమలు పుట్టేది. వానలు తగ్గంగనే ఇంటికొక మంచం చలిజ్వరంతోని ఊగుతుండె. పొద్దుగాల నాగలి పట్టినోడు మాపటికి గొంగళ్ల మీద గొంగళ్లు కప్పినా పండ్లు పటపట కొరుకుతుండె. తాహేరా తొలుసూరు పిలగాడు ఆ జ్వరంతోనే పోయిండు. అటెనుక ఫక్రుద్దీన్ సుత్తె మూలకు ఏసి, జిల్లాల దోమల నౌకరి ఇస్తున్నరంటె పోయి చేరిండు. అప్పుడు నాగార్జునసాగరు కట్ట లేస్తాంది. ఎటు చూసినా కొత్త నౌకర్లు, కొత్త జీపులు.

ఆ నౌకరి పేరుకు సర్కారుది. మందు మాత్రం పరాయి దేశపోళ్లది. సంచుల మీద చేతిల చెయ్యి ఏసిన బొమ్మ ఉండేది. సముద్రాల అవతలోనికి మా చలిజ్వరంతోని ఏం పని? నాకు జ్వరమొస్తె నా సొంత మేనమామ పక్కూరి నుంచి చూడ రాలే. గసువంటిది, మొకం తెల్వనోడు సంచులకు సంచులు ఊకెనే పంపిస్తడా? ఊకెనే వచ్చిన సొమ్ముకు వెనుకనో ముందటనో తాడు కట్టి ఉంటదని మా అత్త అంటుండె.

మందు కొట్టుడన్న కండ్లకు కనిపించేది. దోమలు పట్టుడే మాకు సమజ్ కాలే. పొద్దు పొడవకముందే టార్చిలైటు పట్టుకోని వస్తడు. చేతిల ఒక గాజు గొట్టం, దానికి రబ్బరు పైపు. వడ్ల గుమ్మి వెనుక, మంచం కింద, సూరు కింద గోడకు అంటిన దోమ మీద గొట్టం ఆనిచ్చి నోటితోని సుయ్యిమని పీలుస్తడు. దోమ నోట్లకు పోకుంట నడుమ జాలిగుడ్డ. పట్టినయన్ని సీసలేసి, మూతికి దూది పెట్టి, తడిగుడ్డ చుట్టి జిల్లాకు పంపుతడు. అవి సచ్చినయి గావు, పానంతోనే. జ్వరం తెచ్చేదాన్ని సంపక, తడిగుడ్డలల్ల సుట్టి సాకుడేంది? పటేలు చేసేది పట్వారికి చెప్పడు, పట్వారి చేసేది పటేలుకు చెప్పడు గని, ఇద్దరు గలిసి మాకు చెప్పిండ్రు: దోమల లెక్క తీసి ఇంటికింత అని పన్ను ఏస్తరని.

రజాకార్ల దినాలు పోయి అప్పటికి పదేండ్లే. తెల్లారకముందు ఒక సాయబు లైటు పట్టుకోని ఇంటి మూలలు చూస్తనంటె ఏ ఆడిది తలుపు తీస్తది? ఆయన దిక్కు గూడ భయమే ఉండె, ఉన్నమాట చెప్పాలె. పోలీసు యాక్షన్ల వాళ్ల చిన్నాయిన ఇంట్ల నుంచి పోయి మళ్ల రాలేదట. అందుకే ఏ ఇంటికి పోయినా కడప అవతల్నే నిలబడి, "అక్కా, రావాల్నా?" అని అడిగి, మనం ఊ అన్నంకనే చెప్పులు ఇడిచేటోడు.

నేను ఊ అనేదాన్ని. అని, రోకలి పట్టుకోని వెనుకనే తిరిగేదాన్ని.

"దోమను రోకలితోని కొడ్తవా అక్కా?"

"దోమను గాదు సాయబూ. నీ సూపు ఎటు పోతదో దాన్ని బట్టి."

"గుమ్మి వెనుక చూస్తున్న."

"గాడ దోమలే ఉన్నయి. నా కడియాలు గాడ లేవు."

"ఉన్నా గూడ గీ గొట్టంల పట్టయక్కా," అనుకుంట ఇంకో దోమను పీల్చిండు.

మేం ఆయన్ను అనుమానపడ్డట్టే ఆయన మమ్మల్ని అనుమానపడేటోడు. వచ్చినప్పుడల్ల గోడకు బొటనవేలు రుద్ది చూసుకునేది. వేలికి తెలుపు అంటకపోతె దొంగను జమేదారు చూసినట్టు మన దిక్కు చూసేది. "దోమ మనల్ని కుట్టి, కడుపు నింపుకోని, గోడ మీద కూసోని అలుపు తీర్చుకుంటదక్కా. గోడ మీది మందు కాళ్లకు అంటి సస్తది. మీరు గోడ అలికితిరా, మందు మన్ను కింద పడ్తది. దోమ మంచిగ మన్ను మీద కూసుంటది. వానకాలం, చలికాలం గోడల జోలికి పోకుర్రి," అని ఇంటింటికి చెప్పిండు.

ఇన్నం. చెవులు మాకు గూడ ఉన్నయి. గని బతుకమ్మ వచ్చింది.

గోడల మీద తెల్లమరకలు చారలు చారలుగ కారి, ఇల్లు పీనుగెల్లినట్టు ఉన్నది. ఆడిబిడ్డలొస్తరు, ఇయ్యపురాలొస్తది. ఎర్రమన్ను, పేడ కలిపి అలికిన. జాజు పూసిన. సుద్దతోని అంచులు తీసిన. అలకనా మరి? పండుగకు గోడ అలకని దానింట్ల మంచినీళ్లు గూడ ముట్టరు. నేను అలికిన గోడ మీద చెయ్యి పెడితె జారాలె, కల్వకుర్తి దాక ఆ పేరు ఉండె నాకు. నేను అలికితె వాడకట్టు అలికింది, వాడకట్టును చూసి ఊరు అలికింది. తాహేరా గూడ అలికింది. ఊరంత ఎర్రగ మెరుస్తుంటె తన ఇల్లొక్కటే ముండమోసినట్టు ఉండాల్నా అన్నది. ఫక్రుద్దీన్ అప్పుడు నారాయణపేట దిక్కు డ్యూటీల ఉండె.

దసరా పోయింది, చలిజ్వరం వచ్చింది. ఎన్నడు రానంత వచ్చింది. ఫక్రుద్దీన్ తిరిగొచ్చి ఇండ్లల్ల చూస్తె సీసలు సాలనన్ని దోమలు. వేలు రుద్దితె ఎరుపు. తన ఇంట్ల రుద్దినా ఎరుపే. ఆ పూట తాహేరాతోని మాట్లాడలేదట.

వెనుకనే ఇనిస్పెక్టరొచ్చిండు. పొట్టి మనిషి, కండ్లద్దాలు. మందు కొట్టిన ఇంట్ల ఇన్ని దోమలెట్లుంటయి అన్నడు. కొట్టనే లేదు, మందు అమ్ముకున్నవు అన్నడు. కల్వకుర్తి సంతల అప్పుడు నల్లుల మందని తెల్లపొడి పొట్లాలు కట్టి అమ్ముతుండిరి. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇనిస్పెక్టరుకు ఎవలు చెప్పక్కరలేదాయె.

"ఆడోళ్లు అలికిండ్రు సార్," అన్నడు ఫక్రుద్దీన్.

"దొరికిన ప్రతోడు చెప్పేదే."

ఆడోళ్లను పిలిచి అడిగిండు. అలికినోళ్లకు జుర్మానా ఏస్తరని పటేలు అప్పటికే పుకారు పుట్టిచ్చి ఉండె. "మేం గోడ ముట్టలే సారూ," అని ఒకరి వెనుక ఒకరు చెప్పిండ్రు. నా దాక రాకముందే ఆయనకు నమ్మకం కుదిరి చాలిచ్చిండు. ఫక్రుద్దీన్ తన ఇంటి గోడ గీకి చూపిస్తనన్నడు. "నీ ఇంట్ల నువ్వు కొట్టుకోవా?" అన్నడు ఇనిస్పెక్టరు. వేరేటోళ్ల గోడ గీకుదమంటె ఎవలు గీకనిస్తరు? "మందు పంపినోళ్ల దేశం నుంచి తెల్లదొర వస్తుండు. ఆయన ముంగట రుజువు చేసుకో. లేకుంటె నౌకరి పోతది, కేసైతది, జేల్ల కూసుంటవు," అని చెప్పి పోయిండు.

తాహేరా బాయి కాడ ఏడ్చింది. నాకు పాపం అనిపియ్యలే అని చెప్ప. గని నా అనుమానం నాకుండె. ఒకపారి ఆయన సైకిల్ మీద మూట చూసిన. ఏంది సాయబూ అంటె, "ఖాళీ సంచులక్కా, తాహేరా పరద కుట్టుకుంటనన్నది," అన్నడు. ఖాళీ సంచులు సైకిల్‌ను అటు ఇటు ఊపుతయా?

దొరొచ్చిండు. జీపు దిగంగ చూస్తె తాడిచెట్టంత ఉన్నడు. నాది వాడకట్టుల మొదటి ఇల్లు, నా ఇంటికే వచ్చిండ్రు. దొర సూరు తాకకుంట వంగి లోపలికొచ్చి గుమ్మి వెనుక లైటు ఏసిండు. దోమలు పొయ్యి మీద ఆవిరి లేసినట్టు లేసినయి. ఫక్రుద్దీన్ కడప అవతల్నే నిలబడ్డడు.

ఇనిస్పెక్టరు నన్ను అడిగిండు. "గీ ఇంట్ల మందు కొట్టిండా?"

"కొట్టిండు."

"నువ్వు చూసినవా?"

"రోకలి పట్టుకోని చూసిన."

ఆయన మూతి వంకర తిప్పి, "గీ మాట చెప్పమని నీకేమిచ్చిండు?" అన్నడు.

నాకు! నా ఇంట్ల నిలబడి! మా ఆయన మారయ్య, ఊకోమన్నట్టు వెనుక నుంచి దగ్గిండు. నేను ఊకునేదాన్నా? సూర్ల నుంచి కొడవలి గుంజిన. ఇనిస్పెక్టరు రెండడుగులు వెనక్కి పోయిండు. నడింట్ల గోడకు, అంచు తీసిన కాడనే ఆనిచ్చి బర్రుమని గీకిన. జాజు రాలింది, ఎర్రమన్ను రాలింది, పేడ పెచ్చు లేసింది. దాని కింద తెల్లగ మందు.

"అలికింది నేను. ఎన్ని జుర్మానాలేస్తవో ఏస్కో," అన్న. "సాయబు దొంగనో దొరనో నాకు తెల్వది. నా నోట్ల అబద్ధం ఉన్నదంటె మాత్రం కొడవలి తిప్పి పడ్త."

దొర మోకాళ్ల మీద కూసోని ఆ తెలుపును వేలితోని ముట్టిండు, వాసన చూసిండు, ఏందో అన్నడు.

"సున్నం గావచ్చు అంటుండు," అన్నడు ఇనిస్పెక్టరు.

"మన్ను కింద సున్నం ఏసి దాసుకుంటనా? వాళ్ల దేశంల గట్ల చేస్తరా అడుగు."

అడిగిండో లేదో. దొర నవ్వలే. పొడి గీకి కాయితంల మడిచి జేబుల పెట్టుకున్నడు. నా గోడ గీకినంక మిగిలినోళ్లకు దాసుకునే దారి లేకపాయె. నాలుగైదు ఇండ్లల్ల గీకి ఆ పొడి గూడ పట్టుకపోయిండ్రు. హైదరాబాదుల పరీక్ష చేస్తె మందే అని తేలిందట. ఫక్రుద్దీన్ మీద కేసు గాలే.

ఆ నౌకరి గడ్డం తెల్లబడేదాక చేసిండు. అచ్చంపేట అడవుల్లకు పోయిండు, డిండి అవతల నల్లగొండ ఊర్లన్ని తిరిగిండు. ఎక్కడికి పోయినా కడప అవతల్నే నిలబడి అడిగేటోడట. గోడ మీద మందు ఉన్నది, నేనే చూపెట్టిన, కాదనను. గని సంచిల ఉన్నదంత గోడ మీదికే వచ్చిందని నేనెట్ల చెప్పాలె? ఆ సైకిల్ మీది మూట ఖాళీ సంచులే అన్న మాట నేను ఇప్పటికి గూడ ఒప్పుకోలే.

జీపు పోయిన్నాడు మాపటీలి ఫక్రుద్దీన్ మా ఇంటికొచ్చిండు. దండం పెట్టి పోతందుకు వచ్చిండనుకున్న. దండం లేదు, ఏం లేదు. కడప అవతల నిలబడి, నడింటి గోడకు చేటంత పెచ్చు లేసిన కాడనే చూసుకుంట నిలబడ్డడు. నేను అప్పటికే తట్టల ఎర్రమన్ను నానేసి పిసుకుతున్న.

"ఆ మన్ను ఎందుకక్కా?"

"ఎందుకా? నీ పుణ్యాన నా గోడకు గజ్జి పట్టింది. మందు ఏస్తున్న."

"అలకకక్కా."

"ఇంకేమన్న ఉన్నదా? నీ మాట నమ్మి గీకిన అనుకుంటున్నవా నువ్వు?"

"నమ్మలే. నాకు ఎరుకే," అన్నడు. "నన్ను నమ్మేటోళ్లు ఊర్ల ముగ్గురు నలుగురున్నరు. వాళ్లు ఇల్లు అలకకుంట ఉంటె, ఫక్రుద్దీన్ మాట ఇన్నరని నవ్వుతరు. నువ్వు నన్ను దొంగ అంటవని ఊరంతకు తెల్సు. నీ ఇల్లు అలకకుంట ఉంటె ఎవలు నవ్వుతరు? నిన్ను చూసి వాడకట్టు గూడ అలకదు. మళ్ల మందు కొట్టనీకి వస్త. కొట్టినంక బతుకమ్మ రానీ, నీ ఆడిబిడ్డలు రానీ, ఇయ్యపురాలు మూతి తిప్పనీ. నాలుగు గోడలు గట్లనే తెల్లమరకలతోని ఉంచు. నన్ను తిట్టుకుంటనే ఉంచు అక్కా, గంతే అడుగుతున్న."