కులమున్న రంపం, మా లింబాద్రన్న

నిన్న మధ్యాహ్నం పప్పుకి తాలింపు పెడుతుంటే ఫోన్ మోగింది. లింబాద్రన్న కొడుకు.

"అత్తమ్మా, పొద్దుగాల బాపు పోయిండు" అన్నాడు.

తాలింపు మాడిపోయింది. స్టవ్ ఆపాలని కూడా తోచలేదు. మొన్న ఆదివారమే వీడియో కాల్‌లో నా తెల్లజుట్టు చూసి వెక్కిరించిన మనిషి.

మీలో చాలామందికి ఆయన తెలియదు. చెప్తాను.

ఎనభైల మొదట్లో నేను గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్‌లో ఒక కంపెనీ క్లినిక్‌లో నర్సుని. నర్సాపురం నుంచి కొత్తగా వెళ్లాను. ఆయన అదే కంపెనీలో కార్పెంటర్, ఆర్మూరు వైపు మనిషి. చెయ్యి కోసుకుని వచ్చేవాడు. కట్టు కట్టించుకుని, ఊగుతున్న నా స్టూల్ బాగుచేసి వెళ్లేవాడు.

ఆయనకి ఒక చేతిరంపం ఉండేది. ఎవరో ఇంగ్లీషు ఫోర్‌మన్ దేశం వెళ్లిపోతూ ఇచ్చాడు. తలగడ పక్కన పెట్టుకుని పడుకునేవాడు. పెళ్లాం ఫోటో మాత్రం పెట్టెలో ఉండేది.

ఒకసారి రూమ్మేట్ ఒకడు ప్రేమకొద్దీ ఉప్పు కాగితంతో దాన్ని మెరిపించబోతే, "అక్షరాలు పోతయిరా" అని క్యాంపు చుట్టూ తరిమాడు. బ్లేడు మీది ఆ ఇంగ్లీషు అక్షరాలు ఆయనకి చదవడం రాదు. అది వేరే విషయం.

ఇంతలో కంపెనీకి కరెంటు రంపాలు వచ్చాయి. పాత పనిముట్లన్నీ స్క్రాప్ లారీలో వేయమని ముదీర్, అంటే అక్కడి అరబ్బు మేనేజరు, ఆర్డర్. లింబాద్రన్న కాళ్లావేళ్లా పడితే, "నిజంగా అంత పాతదని చూపిస్తే ఉంచుకో. లేకపోతే ఖలాస్" అన్నాడట.

రంపం టవల్లో చుట్టుకుని క్లినిక్‌కి పరిగెత్తుకొచ్చాడు.

"సిస్టరమ్మా, గీ ఇంగ్లీషు జర సదువు. ఎప్పటిదో చెప్పు."

పిడి మీద ఇత్తడి బిళ్ల ఉంది. "వారంటెడ్ సుపీరియర్" అని చదివాను.

ఆయన ముఖం పాలిపోయింది. "వారంటా? నామీదనా?"

కాదన్నా, సరుకు మంచిదని హామీ అని నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

తర్వాత బ్లేడు. చేసినవాడి పేరు అరిగిపోయి "అండ్ సన్స్, షెఫీల్డ్" మాత్రమే మిగిలింది. దాని కింద "క్యాస్ట్ స్టీల్".

"క్యాస్ట్ అంటే కులం గదా సిస్టరమ్మా? ఫారంల రాస్తరు."

పోత ఉక్కు అన్నా, కరిగించి పోసింది అన్నాను. వింటేగా. అప్పటికే గేటు దాటేశాడు.

ముదీర్ ముందు నిలబడి తన హిందీలో చెప్పాడట. "సాబ్, ఇస్కా జాత్ లిఖా హై. పురానా లోగ్ హీ జాత్ లిఖ్తే."

పాతకాలం వాళ్లే కులం రాసుకుంటారు, కాబట్టి ఇది పాతది. అదీ ఆయన లాజిక్.

ముదీర్‌కి ముక్క అర్థం కాలేదు. పక్కనున్న ఇంగ్లీషు ఇంజినీరుకి చూపించాడు. ఆయన బ్లేడు కొస దగ్గరున్న చిన్న ముల్లులాంటి మొనను వేలితో తడిమాడు. ఆ ముల్లూ, 'క్యాస్ట్ స్టీల్' మాటా రెండూ ఉన్నాయంటే తన తాతల నాటి రంపమే అన్నాడు. ఇత్తడి బిళ్లని మాత్రం నమ్మొద్దట. పెద్దగా పేరులేని కంపెనీలన్నీ అదే బిళ్ల తగిలించేవట.

కారణం తప్పు, జవాబు కరెక్ట్. రంపం మిగిలింది.

ఆ శుక్రవారం క్యాంపులో కోడికూర దావత్ ఇచ్చాడు. నేనూ వెళ్లాను. కరీంనగర్ వాళ్లు, మా గోదావరి వాళ్లు, ఒక పఠాన్, అందరం ఒకే పళ్లెం చుట్టూ కూర్చున్నాం. రంపం గోడకి వేలాడుతోంది, పూలదండ ఒక్కటే తక్కువ.

లింబాద్రన్న దానివైపు చెయ్యి చూపించాడు.

"సూడు సిస్టరమ్మా, గీ రూముల కులం ఉన్నది దానికొక్కదానికే."

అందరూ పడీపడీ నవ్వారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఊరి హోటల్లో మాకు గ్లాసు వేరేగా ఉండేది.

నిన్న ఫోన్ పెట్టేముందు కొడుకు అడిగాడు. "అత్తమ్మా, రంపానికి తుప్పు పట్టింది. సాఫ్ జేయాల్నా?"

"నూనెగుడ్డతో తుడువు నాయనా. ఉప్పు కాగితం పెట్టావంటే మీ నాన్న లేచొచ్చి తరుముతాడు."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఏడ్చాం.

వెళ్లిరా అన్నా.
నీమీద ఏ వారంటూ లేదు.
హాయిగా పడుకో.