నేను కలిపిన గంట

ముందు పోయినవి లెక్కపెడతాను. నాకు వేరే రకంగా మొదలుపెట్టడం రాదు.

ఒక అమ్మాయి ఉద్యోగం. అచ్చయి, పంచడం కూడా మొదలయ్యాక వెనక్కి తీసుకుని చించేసిన ఒక చిన్న పుస్తకం. నేనెన్నడూ చూడని ఒక ముసలి జంట ఏటా ఒకే ఊళ్లో గడుపుకునే వారం రోజులు. ఆ అమ్మాయికి తన చేతుల మీద ఉన్న నమ్మకం. ఈ చివరిదాన్ని ఎంతని వెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. నా వైపు పోయింది సున్నా. ఇన్నేళ్లుగా మోస్తున్నది ఆ సున్నానే.

నా పేరు మీకు అక్కర్లేదు. పదో తరగతితో చదువు ఆగింది. కట్టెల అడితిలో తూకాలు రాస్తూ లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. పంచాంగం ముందు పెట్టుకుని చంద్రోదయాలు కాగితం మీద కట్టడం నా సరదా. అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా కంప్యూటర్ కోర్సు బోర్డు కనిపించే రోజుల్లో, నలభై దాటాక, మైత్రీవనంలో ఇరవై ఏళ్ల పిల్లల మధ్య కూర్చుని ఎక్సెల్ నేర్చుకున్నాను. పంజాగుట్టలో ఒక చిన్న ఆఫీసులో పని దొరికింది. విదేశాల నుంచి వచ్చే కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, పుస్తకంగా పేర్చి పంపడం మా పని.

అక్కడికి ఒక ఇంగ్లండు సముద్రతీరపు ఊరు వచ్చింది. అంటే దాని పాత కాగితాలు, ఫొటోలు, పటాలు. వేసవి సెలవులకు వచ్చేవాళ్ల చేతిలో పెట్టడానికి ఆ ఊరివాళ్లకు తమ ఊరి చరిత్రతో ఒక చిన్న పుస్తకం కావాలి. చరిత్ర రాసే పని సబీహాది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, ఎర్రమంజిల్ నుంచి నడిచి వచ్చేది. ఒక్కో పేజీ ఇంగ్లీషులో రాసి, నా కుర్చీ పక్కకొచ్చి తెలుగులో చెప్పేది.

మొదట అది చేపలు పట్టేవాళ్ల పల్లె. ఉప్పునీళ్లలో మునిగితే జబ్బులు పోతాయని డాక్టర్లు చెప్పాక డబ్బున్నవాళ్లు వచ్చారు. చక్రాల మీద చిన్న చెక్కగది, దాన్ని గుర్రం నీళ్లలోకి లాగుతుంది, లోపలున్న మనిషి ఎవరి కంటా పడకుండా దిగి మునుగుతాడు. తర్వాత రైలు వచ్చింది. రైలుతో బట్టల మిల్లుల కార్మికులు వచ్చారు, ఏడాదికి ఒక్క వారం. వాళ్ల కోసం సముద్రంలోకి ఇనుప కాళ్ల మీద ఒక వంతెన కట్టారు. అది ఎక్కడికీ పోదు, చివరిదాకా నడిచి వెనక్కి రావడమే. ఇళ్లన్నీ అద్దె గదులయ్యాయి. పొద్దున టిఫిన్ పెట్టి ఇంటావిడ అందరినీ బయటికి పంపేసేదట. వాన పడుతున్నా సాయంత్రం దాకా లోపలికి రానిచ్చేది కాదట.

"గిది అమీర్‌పేటనే అన్నా," అంది సబీహా. "అవే హాస్టళ్లు, అవే బ్యాచ్‌లు. సముద్రం ఒక్కటే తక్కువ."

తర్వాత విమానం టికెట్లు చవకయ్యాయి. జనం ఎండ ఎక్కువుండే దేశాలకు పోయారు. ఊళ్లో మూతపడ్డ హోటళ్లు, ముసలివాళ్లు, చేతిలోని తిండి తన్నుకుపోయే పక్షులు మిగిలాయి. ఇంకా వచ్చేదల్లా పెళ్లైన కొత్తలో వచ్చి, అప్పటినుంచి ఏటా అదే వారం, అదే గదికి వచ్చేవాళ్లు. ఆ ఊరు వాళ్ల మీదే బతుకుతోందని సబీహా చివరి పేజీలో రాసింది. మా మేనేజరు ఆ పేజీ చదివి, ఇలాంటివే ఇంకో నాలుగు ఊళ్ల చరిత్రలు ఆమెకే ఇస్తానన్నాడు.

నా వంతు ఒక పట్టిక. తీరానికి దూరంగా ఒక రాతి గుట్ట ఉంది, దాని మీద పాత దీపస్తంభం. నీళ్లు తగ్గినప్పుడు ఇసుక మీద నడిచి పోవచ్చు. నీళ్లు మళ్లీ వస్తే దారి ఉండదు. ఏ రోజు ఎన్ని గంటల లోపల వెనక్కి రావాలో ఆ పట్టిక చెప్పాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నూట ఎనభై మూడు రోజులు, నూట ఎనభై మూడు అంకెలు. నేను సముద్రం చూసినవాణ్ణి కాదు. అయినా వాళ్లు పంపిన సమయాలు రోజుకు ఇంచుమించు రెండు గడియలు, అంటే ముప్పావు గంట పైన, ఆలస్యమవుతూ పోవడం చూసి, ఇది చంద్రుడి లెక్కేనని ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నాను. ఆ సంతోషం తలకెక్కింది. ఆ దేశంలో వేసవిలో గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుతారని కూడా నాకు తెలుసు. ఆఫీసులో మరెవరికీ తెలియదు. ఊరివాళ్లు పంపిన కాగితం మీద ప్రతి అంకె పక్కన పెన్సిలుతో ఒక గంట కలిపి రాసుకుని, అవే ఎక్కించాను.

సబీహా ఆ కాగితం చూసింది.

"అన్నా, పైన 'మా ఊరి గడియారం ప్రకారం' అని ఉన్నది. ఆ గంట వాళ్లే కలిపిండ్రు కావచ్చు. జర ఒక మెయిల్ పెడదామా?"

"మెయిల్ ఎందుకు? మనకు లెక్క రాదనుకుంటరు."

"అయితే మీరు కలిపింది తీసెయ్యిండ్రి."

"సరే, తీసేస్త. లెక్క నాకు ఇడిసిపెట్టి నువ్వు నీ కథ చూస్కో."

ఆమె నవ్వింది. "మీ లెక్క మీద నాకు ఫుల్ భరోసా అన్నా. సముద్రం సుత మీ మాట వింటది."

మరునాడు అడిగితే తీసేశానన్నాను. తీయలేదు. ఎందుకు? ఇరవై నాలుగేళ్ల పిల్ల చెప్పిందనా? నా తెలివి ఆ కాగితం మీద నూట ఎనభై మూడు చోట్ల కనిపిస్తుంటే చెరపడానికి చెయ్యి రాలేదనా? రెండూ నిజమేననుకుంటాను. పట్టిక చుట్టూ ఫొటోలు పేర్చి, ఫైలు అడుగున చివరి సంతకం ఆమె పెట్టింది. మా ఆఫీసులో చివరి సంతకానిదే జవాబుదారీ.

గంట వాళ్లే కలిపారు. నేను మళ్లీ కలిపాను.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం, నలభై ఏళ్లుగా ఆ ఊరికి వస్తున్న దంపతులు పుస్తకం చూసుకుంటూ గుట్ట దగ్గరికి నడిచారు. ఇంకా గంట టైముందనుకుని కూర్చున్నారు. నీళ్లు చుట్టేశాయి. పడవ వచ్చేసరికి ఆవిడ నడుము దాకా తడిసి ఉంది. బతికారు. ఆవిడ కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉందని, ఇక ఆ ఊరికి రామన్నారని ఉత్తరం వచ్చింది.

మేనేజరు కోస్తా వైపు మనిషి, సముద్రం తెలిసినవాడు. మా ఇద్దరినీ పిలిచి ఉత్తరం టేబుల్ మీద పెట్టాడు. "ఏంటండీ ఇది? ఈ గంట ఎక్కణ్ణుంచి వచ్చింది?"

నేను నోరు తెరిచేలోపే సబీహా అంది. "అన్న తీసేసిండు సార్. నేనే తీయకముందటి పాత ఫైల్‌లనే ఫొటోలు పెట్టినట్టున్న."

"మీరు తీసేశారా?" అని ఆయన నన్నడిగాడు.

"తీసేశానండి."

అంతే. ఒక్క మాట. ఆ సాయంత్రమే ఆమె తన టిఫిన్ డబ్బా, చున్నీ తీసుకుని వెళ్లిపోయింది. పెన్సిలు కాగితం నేను మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

ఏడాది తర్వాత మైత్రీవనంలో కనిపించింది. ఒక కోచింగ్ సెంటర్ మెట్ల ముందు కొత్త బ్యాచ్ కాగితాలు పంచుతోంది. పలకరించింది. నా మీద కోపం లేదు. ఎందుకుంటుంది? "ఇప్పటికీ ఏ ఫైల్ అయినా మూడుసార్లు తెరిచి చూస్త అన్నా," అంది. "అయినా నా చెయ్యి మీద నాకు భరోసా రాదు." నేను, అందరికీ జరుగుతుందమ్మా, అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. తర్వాత ఎప్పుడు వెళ్లినా ఆ మెట్ల వైపు చూడకుండా అవతలి పక్క నుంచి నడిచాను. ఆ సెంటరు కూడా మూతపడింది. ఆమె ఎక్కడుందో తెలియదు. తెలిస్తే వెళ్తానా? అదీ తెలియదు.

కాగితం బీరువాలో ఉంది. పెన్సిలు అంకెలు వెలిసిపోయాయి కానీ చదవడానికి వస్తాయి. సబీహా పాత ఫైలు తెరవలేదు. ఉన్నది ఒక్కటే ఫైలు. అందులో తప్పు నాది. ఇలా రాసి ఒక మనిషికి చెప్పడం ఇదే మొదలు. చెయ్యి కొంచెం తేలికైంది, అంతకన్నా ఏమీ మారలేదు.

బాకీ మాత్రం అలాగే ఉంది. ఆమెకు, ఒక గంట.